దగ్గర్లో ఉన్న మనిషి

మార్చి 4, బుధవారం

గిడియోన్‌కు ఆఫీసులో కొత్త ఫోన్ ఇచ్చారు. ముట్టుకోవద్దన్నాడు. అందులో ఏఐ ఉందట.

ఇన్నేళ్లూ ఆయన కరెంటు స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసేవాడు. అక్కడ బాలనర్సయ్య లైన్ ఆపి, తీసిన అన్నా, ఇగ ఎక్కు అనేవాడు. దిగిన తమ్మీ అని ఈయన చెబితేనే మళ్లీ కరెంటు వేసేవాడు. ఆ మాట మీదే నా భర్త ప్రాణాలతో ఇంటికొస్తున్నాడు. ఇకనుంచి ఆ పనికి బాలనర్సయ్య ఉండడు. లైన్ ఎక్కడ తెగిందో ఏఐ కనిపెడుతుంది. అదే కరెంటు ఆపుతుంది. ఫోన్లో ఈయన ముఖం చూసి గుర్తుపట్టి, ఆకుపచ్చ గుర్తు చూపిస్తుంది. అప్పుడు ఎక్కాలి.

అది అబద్ధం చెబితే ఎట్లా అని అడిగాను. అబద్ధాలు మనుషులు చెప్తరు, దానికేం పని అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 6, శుక్రవారం

భానుతేజ మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. ఈయనతో పనిచేసే లైన్‌మన్. ముప్పై ఏళ్లుంటాయి. మమ్మల్ని మామా, అత్తమ్మా అంటాడు. గిడియోన్‌కు ఫోన్ నేర్పించడానికి వచ్చాడు. గట్ల గుర్రుగ చూడకు మామా, మిషిన్ జడుసుకుంటది అన్నాడు. అత్తమ్మా, పెండ్లి పీటల మీద గూడ గిదే మొకమా అని నన్నడిగాడు. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. పచ్చిపులుసు మారు పోయించుకుని తిన్నాడు.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు. ఆర్డర్ రాగానే జల్దీ ముఖం చూపించాలట. లేకుంటే ఆ పని దగ్గర్లో ఉన్న ఇంకో మనిషికి పోతుందట. మంచిదే గద అత్తమ్మా, మామకు రెస్టు అన్నాడు.

మార్చి 8, ఆదివారం

మా చర్చి వెనక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోబోతోందని ఏఐ ముందే చెప్పిందట. నిన్ననే మార్చేశారు. ఈ రోజు ఆరాధన మధ్యలో కరెంటు పోలేదు, ఫ్యాన్లు ఆగలేదు. ఇది కూడా దేవుడి కృపే అని నాకు నేను చెప్పుకున్నాను. భయం మాత్రం తగ్గలేదు. ఆ ఫోన్ మోగితే చేతిలో ఉన్నది కింద పడుతోంది.

మార్చి 10, మంగళవారం

గాలివాన. ఆయన ఏ స్తంభం మీద ఉన్నాడో ఫోన్‌కు తెలుసు, నాకు తెలియదు.

మార్చి 12, గురువారం, ఉదయం

మా పాస్టర్ జోయెల్ అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన నూనె ఇంట్లో ఉంది. జ్వరం వస్తే నుదుటికి రాసుకుంటాం. కొత్త ఇంట్లోకి పోతే గుమ్మానికి రాస్తాం. ఆయన స్నానానికి పోయినప్పుడు ఆ ఫోన్ తీసి, ముందూ వెనకా నూనె రాశాను. ప్రభువా, నా భర్తను తప్పించు అన్నాను. కొంగుతో తుడవలేదు. తుడిస్తే పోతుందని.

మనసు తేలికైంది. కడుపునిండా ఉప్మా తిన్నాను.

అదే రోజు, సాయంత్రం

భానుతేజ స్తంభం మీది నుంచి పడ్డాడు.

శామీర్‌పేట రోడ్డులో లైన్ తెగిందట. ఆర్డర్ గిడియోన్‌కే వచ్చింది. ఫోన్ ముఖానికి పెట్టుకున్నాడు. గుర్తుపట్టలేదు. టోపీ తీశాడు, చెట్టు నీడకు పోయాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పట్టలేదు. అంతలో పని భానుతేజకు పోయింది. బండి మీద వచ్చి, ఏం మామా, ఇయ్యాల మిషిన్‌తోని లొల్లి వెట్టుకున్నవా అన్నాడట. తన ముఖం చూపించాడు. వెంటనే ఆకుపచ్చ వచ్చింది. ఎక్కాడు.

ఏఐ అబద్ధం చెప్పలేదు. లైన్ ఆపే ఉంది. కానీ ఎవరో జనరేటర్ వేసుకుంటే ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి వచ్చిందట. ఎవరిదో ఇంకా తేలలేదు. గిడియోన్ కిందే ఉన్నాడు. పట్టుకోబోయాడట, అందలేదు. సికింద్రాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. తెలివి లేదు. కుడి చెయ్యి భుజం దాకా కాలింది.

నేనెక్కినా గంతే అయితుండె అన్నాడు గిడియోన్. తర్వాత ఆ ఫోన్ జేబులోంచి తీసి కెమెరా మీద వేలితో రుద్దాడు. వేలు వాసన చూశాడు. నా వైపు చూశాడు. ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

తిట్టినా బాగుండేది.

మార్చి 14, శనివారం

కరెంటాఫీసు ఏఈ అరుణ్ సార్ ఎంక్వైరీకి పిలిచాడు. నీ ముఖం ఎందుకు పట్టలేదని అడిగితే, చెమట సార్ అన్నాడట ఈయన. నాకు చెప్పలేదు. ఫోన్లో బాలనర్సయ్యతో అంటుంటే విన్నాను. నా కోసం అబద్ధం ఆడాడు. నాతో మాత్రం మాట్లాడడం లేదు. పెడితే తింటున్నాడు, లేచి పోతున్నాడు.

మార్చి 15, ఆదివారం

ఆరాధనలో జోయెల్ అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మేలు పొందిన వాళ్లు లేచి చెప్పాలి కదా. నా పక్కన కూర్చున్న వినోద నన్ను మోచేత్తో పొడిచింది. లే ఏసమ్మక్కా, బావను దేవుడు ఎట్ల కాపాడిండో చెప్పు అంది.

మైకు పట్టుకున్నాను. దేవుడు నా భర్తను తప్పించాడు అన్నాను. అందరూ స్తోత్రం అని చప్పట్లు కొట్టారు. మిగతాది చెప్పాలనే లేచాను. ఆ చప్పట్లు వినగానే మైకు కిందికి దించేశాను. ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

గిడియోన్ ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మార్చి 17, మంగళవారం

ఆసుపత్రికి పోయాను. భానుతేజ చెయ్యి నిన్న తీసేశారు. ఇంకా తెలివి రాలేదు. డాక్టర్లు ఏ మాటా ఇవ్వడం లేదు. వాళ్లమ్మ సత్తమ్మ వార్డు బయట నేల మీద కూర్చుని ఉంది. టీ తీసుకుపోయాను. తాగలేదు.

చెప్పేశాను. నూనె సంగతి, కెమెరా సంగతి, నా భర్త ఎక్కాల్సిన స్తంభం నీ కొడుకు ఎక్కాడని. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోవాలని కూడా ఉంది నాకు.

నీ పెనిమిటికి నువ్వు రాసుకున్నవ్ వదినె అంది సత్తమ్మ. మా ఇంట్ల గూడ కొమురెల్లి మల్లన్న పసుపు బండారి ఉండె, పొద్దుగాల పోరని నొసటికి వెట్టే పంపిన అంది. గా ఫోన్‌కు పెట్టాల్నని నాకేం ఎర్క, నువ్వన్న చెప్పకపోతివి అని నెత్తి కొట్టుకుంది.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అట్లా కాదు వదినె అన్నాను. చల్లారిన టీ మళ్లీ ఆమె ముందుకు జరిపాను.

మార్చి 18, బుధవారం, ఉదయం

గిడియోన్ డ్యూటీకి పోయాడు. ఫోన్ అద్దం నేనే పొడిబట్టతో తుడిచి ఇచ్చాను. తీసుకున్నాడు. వస్త అన్నాడు. ఆరు రోజులకు అదే మొదటి మాట.

మోకరించాను. ప్రభువా, నా భర్తను తప్పించు అనబోయాను. తప్పిస్తే ఆ ఫోన్ దగ్గర్లో ఇంకెవరున్నారో వెతుకుతుంది.

ఏమీ అడగకుండా లేచాను.