పడుగు రెండో కొస

కామాక్షీ,

హైస్కూలంటే చిత్తూరు పోవాల్సిందేనని, మన గౌరి చదువు అయిదో తరగతితోనే ఆగిపోతుందని దిగులుపడేదానివి. ఆ బడి ఇప్పుడు మన నేతవీధి చివరే పెట్టారు.

ఈ పొద్దున గౌరి బయలుదేరేసరికి వీధి పొడవునా పడుగు నూలు చాచి గంజి పట్టిస్తున్నాం. పడుగు దాటబోతే ఎవరినైనా తిట్టిపోసే పక్కింటి మునెప్పే కుంచె కింద పెట్టి, "పైకెత్తండబ్బా, మన పాప హైస్కూలుకు పోతాండాది!" అని అరిచాడు. అందరం ఎత్తి పట్టుకున్నాం. గౌరి తల వంచుకుని కిందుగా వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. మంచిదే.

నువ్వు పోయినప్పటి నుంచి మన పడుగు రెండో కొస పట్టుకునేది గౌరే. ఈ రోజు ఆ కొసను గుంజకు కట్టాను. కట్టి, నా కొస దగ్గరికి వచ్చి, అలవాటుగా, "రవంత గట్టిగా లాగు కామాక్షీ" అనేశాను.