పలకని మూల

వదినా,

అన్న పోయాక మీకు ఫోన్ చేయలేకపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను. రేపో మాపో మా మేనేజరు మీ ఇంటికొచ్చి, అన్న నిర్లక్ష్యంగా హెడ్‌సెట్ తీసేశాడని చెబుతాడు. ఒప్పుకోకండి. వేదిక పైనుంచి దించిన లైట్ల దూలం కింద నుంచి అన్నను బయటికి తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. హెడ్‌సెట్ చెవులకే ఉంది.

మేం హెడ్‌సెట్లలో మాట్లాడుకోవాలంటే హాలు గోడలకు బిగించిన వైర్‌లెస్ పెట్టెలు ఆ మాటను అందించాలి. వేదిక వెనక ఉండే పెట్టె కెమెరాలో కనిపిస్తోందని ప్రమాదం జరిగిన రోజు ఉదయం దాన్ని ముందువైపుకు మార్పించారు. దాంతో అన్న నిలబడే వెనక మూలకు మాట అందడం మానేసింది. ఆ సంగతి అన్నకు ఎవరూ చెప్పలేదు.

దూలం దించే ముందు కింద ఉన్న మనిషి "విన్నాను" అనాలి. అది మా పద్ధతి. అన్న ఆ మాటను తీరిగ్గా సాగదీస్తుంటే, "ఇంట్లో వదిన కేకేసినా ఇలాగే పలుకుతావా?" అని ఏడిపించేవాళ్లం. ఆ రోజు ఆ మాట రాలేదు.

"పలకలేదంటే పక్కకు జరిగే ఉంటాడు. టైమైపోతోంది, దించండయ్యా" అన్నాడు మేనేజరు. నా పక్కనే నిలబడి అన్నాడు.

విచారణలో ఇదే చెబుతాను. ఆ తర్వాత నన్ను పనిలో ఉంచరు. ఉంచకపోతే పోనీండి.

అన్న చివరగా ఏమన్నాడని మీ చెల్లెలితో అడిగించారు. ఏదో ఒకటి అనే ఉంటాడు వదినా. ఆ మూల నుంచి మాకేదీ వినపడలేదు.

మీ మరిది లాంటివాణ్ణి