చెవి తమ్మె పిలుపు

అమ్మకి,

నీ పెద్ద కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నీ అల్లుడూ బాగున్నాం. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ బాగున్నారనీ, నీ మోకాలు కాస్త నీ మాట వింటోందనీ తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. అరపేజీలో నాలుగు ప్రశ్నలు, కింద సంతకం. ఏళ్ళ తరబడి ప్రెస్సులో బైండింగ్ చేసిన చెయ్యి కదా, కాగితం వృథా చెయ్యడం నీకు నచ్చదు. నాకు ఆ పొదుపు అబ్బలేదు. ఈ ఉత్తరం బరువుకి పోస్టుమాన్ తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇంత రాసే బదులు వీడియోలో మాట్లాడొచ్చు కదా అని తమ్ముడు చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. కానీ ఫోను పట్టుకుని నిలబడేది వాడే. నోటితో మాట్లాడేవాళ్ళు గొంతు తగ్గించి గుసగుసలాడుకోవచ్చు. మన చేతిమాటలకి గుసగుస ఎక్కడుంది? నేను చెయ్యెత్తితే చాలు, నీతోపాటు వాడూ, వాడి భుజం మీంచి మరదలూ చదివేస్తారు. నీకూ నాన్నకీ వినపడదని వీధంతా జాలిపడేది గానీ, ఆ ఇంట్లో నేనూ తమ్ముడూ ఏ రహస్యమూ దాచలేకపోయాం. గోడలకి చెవులుంటాయని అందరూ భయపడతారు, మన గోడలకి కళ్ళున్నాయి అని నాన్న నవ్వేవాడు. అందుకే ఉత్తరం. ఇది నువ్వొక్కదానివే చదువుకో.

మొదటి ప్రశ్న: సూట్‌కేసు సర్దావా, మళ్ళీ తీసేశావా? సర్దాను, తీశాను, మళ్ళీ సర్దాను. బధిరుల బడిలో నాకు వీడ్కోలు సభ చేసి ఇచ్చిన సూట్‌కేసే అది. గది మధ్యలో కూర్చుని ఉంది. నీ అల్లుడు రోజూ పొద్దున్నే దానికి కాలి బొటనవేలు కొట్టుకుని, "ఇది నీకంటే ముందు వెళ్ళేలా ఉంది" అంటాడు. వీడ్కోలు సభ అయిపోయాక అదే వీధిలో తిరగాల్సి రావడం ఎంత నామర్దానో నీకు చెప్పలేను. కూరలమ్మే ఆవిడ రోజూ "ఇంకా వెళ్ళలేదా టీచరమ్మా?" అని అడిగి ఒక నిమ్మకాయ ఊరికే ఇస్తోంది, పరామర్శకి ఇచ్చినట్టు. మందుల షాపులో మా హెడ్‌మాస్టరు ఎదురుపడ్డారు. సభలో నా గురించి మాట్లాడుతూ కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి, ఆ కన్నీళ్ళు వెనక్కి ఇమ్మంటారేమో అన్నట్టు చూశారు. పాత బడి వదిలేశాను, పరాయి దేశంలో కొత్త బడికి చేరలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

రెండోది: అల్లుడు వంట చేస్తున్నాడా? చేస్తున్నాడు. కరెంటు పని చేసే మనిషి కదా, ఉప్పు వెయ్యడానికి కూడా టెస్టర్ పెట్టి చూసినంత జాగ్రత్తపడతాడు. తిన్నవాళ్ళం ఇద్దరం బతికే ఉన్నాం.

మూడోది: ఆ వీసా ఆఫీసువాళ్ళకి నీమీద కోపమా? లేదమ్మా, వాళ్ళు మంచివాళ్ళే. మొదటిసారి వెళ్ళినప్పుడు నా పేరు పిలిచారనీ, నేను లేవకపోయేసరికి వెనక మనిషిని పంపేశారనీ, కొత్త తారీకు కోసం నెలలు ఆగాల్సి వచ్చిందనీ కిందటి ఉత్తరంలో రాశాను. కౌంటర్లో మనిషి నోట్లో నోట్లో గొణుక్కున్నాడని అతని మీదకి నెట్టేశాను కూడా. అతను గొణగలేదు. నా పక్కన కూర్చున్న ముసలాయన నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేంత గట్టిగా పిలిచాడట.

అప్పుడు నాకు నేను చెప్పుకున్న సాకు నీకు నవ్వు తెప్పిస్తుంది. మన ఇంట్లో ఎవరిని ఎవరు పేరు పెట్టి పిలిచారు? భుజం తట్టాలి, లైటు ఆర్పి వెలిగించాలి, లేకపోతే నేల మీద కాలితో గట్టిగా కొట్టాలి. అలా పెరిగినదాన్ని, ఎవరో వచ్చి తడతారని కూర్చున్నాను, అంతే అనుకున్నాను. ఎంత బాగుందో చూడు సాకు. నేనే నమ్మేశాను.

ఇక నీ నాలుగో ప్రశ్న. "ఉత్తరాల్లో ఇన్ని జోకులు ఎందుకు?" అని ఒక్క ముక్క రాశావు. కన్నతల్లివి. నేను నవ్విస్తున్నానంటే ఏదో దాస్తున్నానని నీకు నా చిన్నప్పటి నుంచీ తెలుసు.

వీసాకి వైద్య పరీక్ష ఉంటుంది. బరువు, రక్తం, కళ్ళు అన్నీ అయ్యాక ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. నేను మీట మీద వేలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. ఒకటి రెండు సార్లు నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషను పాడైందేమో, పాపం వీళ్ళు చూసుకోలేదేమో అనుకున్నాను. అంతలో నర్సు తలుపు తీసుకుని వచ్చి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "మీరెందుకు నొక్కడం లేదమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయి మొహం చూడగానే నాకు అర్థమైపోయింది.

నా వినికిడి తగ్గిపోతోంది అమ్మా. డాక్టరు మెల్లగా, నా మొహానికి ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఇంకొన్నేళ్ళలో ఇంకా తగ్గుతుందట. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. మా అమ్మకీ నాన్నకీ అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది, నా చెవుల కోసం కాదు. ఇది తెలిస్తే నువ్వేమనుకుంటావో నాకు తెలుసు కాబట్టి.

అందుకే ముందే చెప్తున్నాను, అలా అనుకోకు. నీ నుంచి వచ్చిందో లేదో డాక్టరే ఖాయంగా చెప్పలేదు. వస్తే వచ్చింది. నీ ముక్కు వచ్చింది, నీ మొండితనం వచ్చింది, ఇదొక్కటీ వద్దంటే ఎలా? రాత్రిపూట నేను ఏడిస్తే తెలియాలని ప్రెస్సు నుంచి తెచ్చిన కుట్టుదారం ఒక కొస నీ మణికట్టుకీ, ఇంకో కొస నా కాలికీ కట్టుకుని పడుకునేదానివని నాన్న చెప్పాడు. నేను కాలు కదిపితే నువ్వు లేచేదానివట. వినపడే తల్లుల పిల్లలు నాకంటే ఎక్కువ ఏడ్చి ఉంటారు. నువ్వు తప్పు చేశావని ఒక్కసారి కూడా అనుకోవద్దు.

తప్పు చేసింది నేను. కొత్త బడివాళ్ళ నుంచి, ఈ ఉద్యోగానికి వినికిడి తగ్గడం అడ్డు కాదని ఒక ఉత్తరం తెస్తే వీసా ఇస్తామని ఆఫీసులో చెప్పారు. నేను ఆ ఉత్తరం అడగలేదు. వీసా ఆలస్యమవుతోంది అని అక్కడివాళ్ళకి చెప్పాను, నీకూ అదే రాశాను, నీ అల్లుడికీ అదే చెప్పాను. వినపడుతుంది కదా అని నన్ను తీసుకున్నారేమో, ఇది తెలిస్తే వద్దంటారేమో అని భయం. చూడు అమ్మా, వినపడని పిల్లల బడికి వినపడని టీచరు పనికిరాదని భయపడ్డాను. ఇన్నేళ్ళు నీ కూతురిగా ఉండి అలా ఎలా అనుకున్నానో నాకే తెలియడం లేదు.

నేను వెళ్ళేలోపు అలవాటు కావాలని ఆ బడి ప్రిన్సిపాల్ మేడం నాకు వారానికి రెండుసార్లు ఫోనులోనే వీడియో క్లాసు పెట్టింది. వాళ్ళ సైగలు వేరు, మన సైగలు వేరు. పిల్లలే నాకు నేర్పుతున్నారు. నాకొక పేరు కూడా పెట్టారు. మణికట్టు మీద గడియారం ఉండేచోట రెండుసార్లు తట్టి, కళ్ళు పైకి తిప్పుతారు. ఇంకా రాని టీచరు అని అర్థం.

పోయిన వారం వంటింటి గోడకి ఫోను ఆనించి వాళ్ళకి లెక్కలు చెప్తున్నాను. ఉన్నట్టుండి పిల్లలందరూ నన్ను కాదు, నా వెనక చూడడం మొదలుపెట్టారు. ముందు బెంచీలో పళ్ళూడిన పిల్ల ఒకతి ఉంది, మహా గడుసుది. చెయ్యెత్తి, "మీ వెనక ఒకాయన చాలాసేపటి నుంచి నోరు తెరిచి పిలుస్తున్నాడు" అంది. తిరిగి చూస్తే నీ అల్లుడు, చేతిలో గరిట. పొయ్యి మీద పాలు పొంగిపోయాయట. ఎన్నిసార్లు పిలిచాడో.

నేను నవ్వేసి లెక్క మళ్ళీ మొదలుపెట్టబోయాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే మనుషులు ఊరుకోవచ్చు గానీ, కళ్ళే చెవులైన పిల్లలు ఊరుకుంటారా? ఆ పళ్ళూడిన పిల్ల నన్నే చూస్తూ అడిగింది.

"మీరు కూడా మాలాగేనా?"

నీకు చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. ఆ పిల్లకి అబద్ధం చెప్పడానికి మాత్రం నా చేతులు లేవలేదు. అవునన్నాను. నీ అల్లుడు గరిటతో అక్కడే నిలబడ్డాడు. మన ఇంటి అల్లుడయ్యాక ఆపాటి సైగలు అతనికీ వచ్చు కదా. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించారు, అమ్మా. చప్పట్లు. నేనేదో పరీక్ష పాసైనట్టు.

పిల్లల చేతుల్లో మాట ఆగుతుందా? నేను చెప్పుకునేలోపే ప్రిన్సిపాల్ మేడంకి చేరిపోయింది. మర్నాడే ఆవిడ నన్ను వీడియోలోకి పిలిచి, "ఈ ఒక్క ఉత్తరం కోసమా ఇన్నాళ్ళు ఆగావు?" అని నిలదీసింది. ఆవిడకీ వినపడదు. ఆ సంగతి కూడా నేను మర్చిపోయి భయపడ్డాను. ఆవిడ రాసిన ఉత్తరం వీసా ఆఫీసుకి వెళ్ళింది, నా పాస్‌పోర్టు వీసాతో సహా నిన్న ఇంటికి వచ్చింది.

దాచినందుకు నీ అల్లుడికి కోపమొచ్చిందేమో అనుకున్నాను. పాలు పొంగిన రోజు సాయంత్రమే నిచ్చెన వేసుకుని కాలింగ్ బెల్లుకి బల్బు తగిలించాడు, మన ఇంట్లో నాన్న పెట్టినట్టే. ఎవరైనా బెల్లు కొడితే వంటింట్లో వెలుగుతుంది. వీధిలో పిల్లలకి అదొక ఆటైంది, కొట్టి పారిపోతున్నారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి తలుపు తీస్తున్నాను. వచ్చే నెల అతనూ నాతో వస్తున్నాడు, అక్కడా ఒక బల్బు పెట్టాలట.

విమానం ఎక్కేముందు నీ దగ్గరికి వస్తున్నాను. చిన్నప్పటి నుంచీ బ్యాంకులో, ఆస్పత్రిలో, కొట్టులో నీకు చెవినై నీ పక్కన నిలబడ్డాను. అందుకే కదా నువ్వు నా పేరుకి సైగగా చెవి తమ్మె పట్టుకుంటావు. ఈసారి నీకు చెవిగా కాదు, నీ దగ్గర నేర్చుకోవడానికి వస్తున్నాను. పాలు పొంగబోతున్నాయని వీపు తిప్పుకుని ఉండగానే నీకెలా తెలుస్తుందో చెప్పాలి. రోడ్డు దాటేటప్పుడు ఏం చూస్తావో చెప్పాలి. జనం జాలిగా చూసినప్పుడు అలా తలెత్తుకుని ఎలా నడిచావో అది కూడా చెప్పాలి.

ఒక్కటే కోరిక. చెవులు పోతున్నాయని నా పేరు మార్చకు. స్టేషనుకి తమ్ముణ్ణి పంపకు, నువ్వే రా. వాడు వస్తే పేరు పెట్టి అరుస్తాడు, ఆ గోలలో నాకు వినపడకపోవచ్చు. నువ్వు ప్లాట్‌ఫాం ఆ చివర నిలబడి చెవి తమ్మె పట్టుకో చాలు. ఎంతమంది అడ్డున్నా నువ్వు నన్నే పిలుస్తున్నావని నాకు తెలుస్తుంది.

ఇట్లు,
నువ్వు పిలిస్తే పలికే
నీ పెద్ద కూతురు