మేస్త్రి పంచే పొగాకు

నరసరావుపేట,
సెప్టెంబరు 14, 1986.

పూజ్యురాలైన అమ్మకు,

ప్రభువు పేరిట నీ కూతురు సువార్త వందనాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని రాశావు. ఆ ఒక్క మాట నేను నమ్మడం లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. హాస్టలులో అన్నం బాగానే ఉడుకుతోంది, పప్పు మాత్రం నీళ్లలా ఉంటోంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి మా గదిలోని అమ్మాయిలందరం కలిసి అప్పుడే ఖాళీ చేశాం. దుప్పటి ఉంది, పంపవద్దు. వక్తృత్వ పోటీలో కప్పు వచ్చిందా, తెస్తే బైబిలు పక్కన పెట్టుకుంటానని రాశావు. దాని సంగతి తర్వాత.

ముందు నీ నోటి సంగతి. కారం తగిలితే దవడ మండుతోందని, వేడి కూర తిని కాలిందేమోనని రాశావు. వేడి కూరకు కాలిన నోరు ఆదివారానికల్లా మానుతుందమ్మా. నీ దవడలో తెల్లమచ్చ ఈస్టరు నుంచీ ఉంది. పక్కింటి ప్రేమమ్మత్త కూడా మొదట వేడి కూరే అన్నది. చివరికి ఆమె తాగిన గంజి బుగ్గకు పడిన చిల్లులోంచి కారుతుంటే గుడ్డతో ఒత్తింది నువ్వే. అంతా చూసి కూడా, మర్నాడు సున్నపు బట్టీకి పోయి అదే పొగాకును అదే సున్నంతో నలిపి దవడన పెట్టుకున్నావు. నిన్ను ఏమనాలి?

వేసవిలో అడిగితే నువ్వేమన్నావో గుర్తుందా? “ఏందే నీ గోల? నోట్లో ఆకుంటే సున్నం దుమ్ము లోపలికి పోదు. చానామందిమి దాంతోనే నెట్టుకొస్తన్నాం.”

ఆ మాట నీకు నేర్పింది ఎవరో నాకు తెలుసు. నా చిన్నప్పుడు బట్టీ దగ్గర మీకు పొద్దున్నే బెల్లంముక్క పంచేవారు. సగం నాకోసం కొంగున కట్టి తెచ్చేదానివి. ఆ బెల్లం ఆపి పొగాకు పంచడం మొదలుపెట్టింది కృష్ణయ్య మేస్త్రి. బెల్లం తిన్నవాళ్లు నీళ్లకు లేస్తారు, నాలుగు మాటలాడుకుంటారు. దవడన ఆకున్నవాళ్లకు ఆకలి తెలియదు, నోరు మెదలదు, తట్ట ఆగదు. దుమ్ముకు మందని మీకు అంటగట్టింది మీచేత ఆగకుండా మోయించే ఉపాయం. దుమ్మేమైనా ఆగిందా? పడుకుంటే చాలు, దగ్గుతూనే ఉన్నావు.

ఇక కప్పు. పోటీకి ఇచ్చిన విషయం ‘రోగం మనిషి కొనితెచ్చుకునేదే’. నేను కాదని వాదించాను. మొదటి బహుమతి నాకే ప్రకటించారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నావు? మీ బట్టీ యజమాని. కప్పు చేతబట్టుకొని ఉపన్యసించాడు. ఆకుకూరలు, పళ్లు తినాలట, తెల్లవారగానే నడవాలట, దురలవాట్లు మానాలట, అప్పుడు కాన్సరు దరిచేరదట. అందులో అబద్ధం లేదు. నా ఒళ్లు మండింది అందుకే. పళ్లు తినమన్నవాడు నీకు అన్నం తినే వ్యవధి ఇవ్వడు. నడవమన్నవాడు, నెత్తిన తట్టతో బట్టీ నుంచి లారీకి నువ్వు నడుస్తుంటే నీడన కూర్చుని చూస్తాడు. దురలవాటన్నవాడు, ఆ అలవాటును పొద్దున్నే మీ అరచేతుల్లో పోయిస్తాడు.

డాక్టరుకు చూపడానికని వేసవిలో నీ దగ్గర తీసుకున్న పొగాకు పొట్లం నా సంచిలోనే ఉంది. వేదికెక్కి, కప్పు అందుకోకుండా, పొట్లం విప్పి ఆయన ముందు పెట్టాను.

“అయ్యా, ఇది పిడుగురాళ్లలో మీ మేస్త్రి మా అమ్మకు పంచింది. సభ ముగిసేదాకా దవడన పెట్టుకోండి. దుమ్ముకు మంచిదట.”

మొదట అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఎవరి పిల్లవని అడిగాడు. గ్రేసమ్మ కూతురినని చెప్పాను. క్షమాపణ రాసివ్వమని ప్రిన్సిపాలు గారు అడుగుతున్నారు. రాయను. కప్పు ఆ బల్లమీదే ఉండిపోయింది.

అంత కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఇంతవరకూ రాయడానికి చెయ్యి రాలేదు. పోటీకి ముందురోజే గుంటూరు ఆస్పత్రికి వెళ్లి, పరీక్షకని నీ దవడలోంచి తీసిన ముక్క సంగతి కనుక్కున్నాను. అది కాన్సరు కాదమ్మా. ఇంకా కాదు. ఆ దారిలో ఉందని డాక్టరమ్మ అన్నారు. ఆకు ఇప్పుడే మానేస్తే మచ్చ తగ్గవచ్చునట. మానకపోతే ఏమవుతుందో ప్రేమమ్మత్త ఇంట్లో నువ్వే చూశావు. తగ్గినా, మళ్లీ మళ్లీ చూపించుకోవాల్సిందే. దసరా సెలవుల్లో నేనే తీసుకెళ్తాను.

నిన్ను అడగకుండా సభలో నీ పేరు చెప్పాను. నీ పని పోవచ్చు. తెలిసే చెప్పాను. నేడో రేపో కృష్ణయ్య నిన్ను పిలుస్తాడు. ముందు ఆకు చేతిలో పెట్టబోతాడు, తర్వాత నీ కూతురి పొగరు సంగతి అడుగుతాడు. చెయ్యి చాపకు. నోట్లో ఆకుంటే అతనికి కావలసినట్టు తల ఊపడం తప్ప నీకు మరేమీ వీలుకాదు. అతనికి ఏం జవాబిస్తావో నీ ఇష్టం. అందరి ముందూ నన్ను తిట్టినా సరే.

ఖాళీ నోటితో తిట్టు.

ఇట్లు,
నీ కోపిష్టి కూతురు,
సువార్త