చిన్న డాక్టరుగారి కాపీ పేజీ

మార్చి 3, పొద్దున

పళ్ళ క్లినిక్ వెబ్‌సైట్ చూసుకునే ఖర్మ నాది. లేచీ లేవగానే చిన్న డాక్టరు ఫోన్. తన పేరు కొట్టినా సెర్చ్‌లో వాళ్ళ నాన్న పేజీయే వస్తోందట. రాక చస్తుందా? పెద్దాయన పేజీని అక్షరం పొల్లుపోకుండా దింపి, పేరూ ఫొటో మార్చాడు. ముప్పై ఏళ్ళ అనుభవంతో సహా. అయ్యగారి వయసే ముప్పై ఒకటి. పాలపళ్ళు మొలుస్తుండగానే ప్రాక్టీసు మొదలెట్టి ఉంటాడు.

మార్చి 4

క్లినిక్‌కి వెళ్ళి ఓపిగ్గా చెప్పాను. ఒకేలా ఉన్న పేజీలు రెండు కనబడితే సెర్చ్ ఇంజిన్ ఒకదాన్నే అసలుదిగా ఎంచుకుంటుంది, రెండోదాన్ని పక్కన పడేస్తుంది. కాబట్టి మీ పేజీ మీరే రాసుకోండి అన్నాను.

రాయడం తన పని కాదట. నాన్న కిందటి నెలే రిటైరయ్యాడు, ఆయన లేడనగానే పేషెంట్లు ఫోన్ పెట్టేస్తున్నారు, ఇలాగైతే క్లినిక్ మూసుకోవాలి అన్నాడు. నాన్న పేజీలోనే నాది అసలుదని రాసెయ్యండి అన్నాడు. అలా చెప్పే ట్యాగ్ ఒకటుంది, కానానికల్ అని. ఉన్నందుకు ఏడుపొచ్చింది.

మార్చి 5

పెట్టేశాను. ఛీ.

మార్చి 19

ఇప్పుడు సెర్చ్‌లో అబ్బాయిగారే. పేజీలో ఆ ముప్పై ఏళ్ళ అనుభవం చూసి ఒక పెద్దావిడ వచ్చిందట. కుర్చీలో కూర్చుని, డాక్టరుగారు ఎప్పుడొస్తారు బాబూ అని అడిగిందట. నేనే అన్నాడట. ఆవిడ దిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయిందట. రిసెప్షనిస్టు చెబుతూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

మార్చి 20

పెద్ద డాక్టరుగారి ఫోన్. తన పేజీ తీసెయ్యమంటారు, పిల్లాడు నిన్న అన్నం తినలేదట. మీ మాటలు దొంగిలించడం మానమనండి అన్నాను. ఆయన పకపకా నవ్వారు. అవి నావెక్కడివమ్మా, క్లినిక్ పెట్టిన కొత్తలో ఇంకో డాక్టరు బోర్డు చూసి దింపినవే అన్నారు. ముప్పై ఏళ్ళ అనుభవంతో సహా.

వంశమంతా డూప్లికేటే.

మార్చి 21

ఏం రాయాలి అని చిన్నాడి మెసేజ్. మీకు తెలిసిందే రాయండి, తొందరగానే అయిపోతుంది అని పెట్టాను. 

మార్చి 24

వచ్చింది. ‘నేను కొత్త. మెల్లగా చేస్తాను. నొప్పేస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను.’ అంతే. ఏ సైట్లోంచి దింపాడోనని గంటసేపు వెతికాను. ఎక్కడా దొరకలేదు. ట్యాగ్ తీసేసి, ఉన్నదున్నట్టు పెట్టాను.

ఏప్రిల్ 9

దవడ పన్ను సలుపు. ఇంతమంది డాక్టర్లుండగా వాడి దగ్గరికే వెళ్ళాను. చెయ్యెత్తాను. ఆపాడు.