అక్కావాళ్ళ ఫారిన్ టూర్

మే 3, ఉదయం. ఎయిర్‌పోర్టు

ఫ్లైటు గంట లేటు. అక్క వీల్‌చెయిర్‌లో కునుకు తీస్తోంది. బావగారు నలుగురిని పోగేసి, తమ పెళ్ళయి నలభై ఏళ్ళయిందని, అందుకే ఈ టూరని చెబుతున్నారు. రిటైరయ్యాక ఆయన మాట వినేవాళ్ళు తగ్గిపోయారు పాపం.

నన్ను రమ్మని అక్కే ఫోన్ చేసింది. మోకాళ్ళు పదడుగులు కూడా వేయనివ్వడం లేదట. తోడు మనిషి లేకపోతే టూరువాళ్ళు ఒప్పుకోరట. ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా, నీకూ నాలుగు దేశాలు చూసినట్టుంటుంది అంది. ఇరవై ఎనిమిదేళ్ళు ల్యాబులో ఊరి జనం చేతులకు సూదులు గుచ్చడమే తప్ప నేను ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఆ సాయంత్రమే వెళ్ళి సూట్‌కేసు కొనుక్కున్నాను.

ఇందాక టూరువాళ్ళ చేతిలో మా ఫారం చూశాను. నా పేరు పక్కన, రిలేషన్ అన్న గడిలో, అటెండెంట్ అని ఉంది. బావగారి చేతిరాత నాకు తెలుసు.

మే 4

రాళ్ళు పరిచిన వీధులు. ఫోటోలో చూస్తే ముచ్చటేస్తుంది. తోసేవాళ్ళను అడగాలి. ప్రతి సందులోనూ ముందు చక్రం ఇరుక్కుంటుంది. వెనక్కి లాగి, ఎత్తి, మళ్ళీ తోయాలి. సాయంత్రానికి రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. కుదుపు కుదుపుకీ అక్క, మెల్లిగా, నేనేమన్నా బస్తానా అంటుంది. బస్తా అయితే నోరు మూసుకుని ఉండేది.

భోజనాల దగ్గర బావగారు నన్ను గ్రూపుకు పరిచయం చేశారు. ఈమె మా పోర్టరమ్మ, మీ లగేజీ ఏమన్నా ఉంటే చెప్పండి అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ అక్క నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. నేనూ నవ్వాను. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు.

మే 5

వాళ్ళిద్దరూ జలపాతం చూశారు. నేను చక్రాలు చూశాను.

మే 6, మధ్యాహ్నం

హోటల్లో నా ఎక్స్‌ట్రా బెడ్ బాత్రూం తలుపుకు ఆనించి వేయించారు. అక్కను తీసుకెళ్ళడానికి వీలుగా ఉంటుందని బావగారి ఆలోచన.

ఫోన్లో మూడు వందల ఫోటోలు. అన్నీ నేను తీసినవే. ఒక్కదాంట్లో నా నీడ పడింది. బావగారు అది డిలీట్ చేయమన్నారు.

బస్సులో మా వెనక సీట్లో ఒక టీచరుగారు ఉన్నారు. రిటైరైన ఆవిడ, మంచి మనిషి. నేను అక్కకు ఏమవుతానని అడిగారు. నన్ను కాదు, అక్కని. అప్పుడు నేను అక్క పాత స్వెట్టర్ వేసుకుని, కింద కూర్చుని ఆమె బూట్లు విప్పుతున్నాను. అక్క ఒక్క క్షణం తటపటాయించి, మా ఇంట్లో మనిషిలాంటిదేనండీ అంది.

ఒక కడుపున పుట్టాం. లాంటిది అట.

మే 7, సాయంత్రం ఆరు

వాళ్ళిద్దరూ కునుకు తీస్తున్నారు. అందుకే రాయగలుగుతున్నాను.

పొద్దున బావగారికి జలుబు చేసి గదిలోనే ఉండిపోయారు. మ్యూజియంలో లిఫ్ట్ పని చేయడం లేదు. ఎర్ర టోపీ గైడమ్మాయి గ్రూపును పైకి తీసుకెళ్ళింది. మూడు గంటలు పడుతుందట. కింది హాల్లో నేనూ అక్కా మిగిలాం.

పైకి వెళ్ళలేని కోపమంతా నామీద తీర్చుకుంది. శాలువా సరిగా కప్పలేదంది. వెలుతురు కళ్ళల్లో పడుతోందంది. జరిపితే చీకటిగా ఉందంది. నడుం పట్టేసింది, కాసేపు కూర్చుంటానన్నాను. అమ్మను పదకొండేళ్ళు ఎత్తి దించావు, నీకు అలవాటేగా, నా ఒక్కదానికే నడుం పట్టేసిందా అంది. ఆ పదకొండేళ్ళలో అక్క ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చేది. అమ్మ దిండు గలీబు మార్చలేదని నాకు పాఠం చెప్పి వెళ్ళేది.

కిటికీ పక్కన, స్తంభం దగ్గర కుర్చీ ఆపాను. వెనక, అక్క చేతికందని రెండు బ్రేకులూ వేశాను. కదిపి చూశాను. బాత్రూంకి వెళ్ళొస్తానన్నాను. ఆమె ఫోన్ నా సంచీలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

మ్యూజియం వెనక నది. పడవ టికెట్లు అమ్ముతున్నారు. ఒకటి అని వేలు చూపించాను. పై డెక్ మీద నిలబడ్డాను. ఏమీ పట్టుకోకపోతే చేతులు ఇంత తేలిగ్గా ఉంటాయని అరవై రెండేళ్ళకు తెలిసింది. గాలి. తెల్ల పక్షులు. వంతెనల కింద చల్లటి నీడ. ఎవరో ముసలాయన నా ఫోన్ తీసుకుని నాకో ఫోటో తీసిపెట్టాడు. అందులో బాగా నవ్వాను. గంటకు పడవ ఒడ్డుకొచ్చింది. ఇంకో టికెట్ తీసుకుని మళ్ళీ ఎక్కాను.

తిరిగొచ్చేసరికి గ్రూపు దిగడానికి ఇంకా పావుగంట ఉంది. అక్క అక్కడే ఉంది. ఎక్కడికి పోతుంది? కుర్చీ కింద చిన్న మడుగు. కాపలా మనిషి దాని పక్కన పసుపుపచ్చ బోర్డు పెట్టి వెళ్ళాడు, మనిషి జారిపడుతున్న బొమ్మ ఉన్న బోర్డు. స్కూలు పిల్లల వరస ఒకటి ఆ బోర్డును తప్పుకుంటూ పోతోంది. ఒక పిల్ల ముక్కు మూసుకుంది. అక్క కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు తల తిప్పుకుని కూర్చుంది. శాలువా అంచు నోట్లో కుక్కుకుని ఉంది.

నేను వెంటనే వెళ్ళలేదు. స్తంభం వెనక నిలబడి చూశాను. ఎంతసేపో తెలుసు. రాయను.

తర్వాత వెళ్ళి నా స్కార్ఫ్‌తో తుడిచాను. శాలువా నడుం చుట్టూ కప్పాను. హోటల్లో బావగారు దుప్పట్లోంచి తల బయటపెట్టి బట్టలేమిటి తడిశాయని అడిగితే, బాటిల్లో నీళ్ళు ఒలికాయని అక్క చెప్పింది.

అవునన్నాను.

మే 8

పొద్దున్నే అక్క నా అరచేతులు తిప్పి చూసింది. తన హ్యాండ్‌బ్యాగులోంచి ఆయింట్‌మెంట్ తీసి ఇచ్చింది. బస్సులో టీచరుగారిని తనే పిలిచి, ఈమె మా చెల్లెలండీ, నా తోడబుట్టింది అని చెప్పింది. టీచరుగారు తెల్లబోయారు. నాకు కళ్ళు చెమర్చాయి. నిజంగానే సంతోషమేసింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

కోట ముందు దారి వాలుగా ఉంది. బ్రేకు వేసి, షూ లేసు కట్టుకోవడానికి చేయి తీశాను. అక్క గభాల్న నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ఎక్కడికే అంది. ఎక్కడికీ లేదన్నాను.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చేయి తీశాను. లేసు ఊడలేదు.

మే 9

బావగారు కోలుకున్నారు. అక్కాచెల్లెళ్ళు ఎంత ఒద్దికగా ఉన్నారో చూడండి, ఇద్దరికీ ఫారిన్ గాలి పడింది అని గ్రూపంతటికీ చెప్పారు. మళ్ళీ పోర్టరమ్మ అనబోతే, అలా పిలవకండని అక్క కసిరింది. ఆయన బిత్తరపోయారు.

వచ్చే ఏడు కూడా ముగ్గురం వెళ్దామట. అక్క ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది, నేను తలూపేదాకా. అప్పుడు, సరే వెళ్దాం అంది.

మే 10. తిరుగు ఫ్లైటు

అక్క, తాగనా అని నన్నడిగి, మంచినీళ్ళు తాగింది.

సగం గ్లాసు చాలన్నాను.