మీరు చూసిన నారింజ చుక్క

ఏమండీ, మీరు పోయి ఏడాదైంది. ఇవాళ సంవత్సరీకం భోజనాలయ్యాక మీ స్నేహితుడు యాదగిరి గారిని నేనే అడిగాను, శనివారం వస్తే చాలు మీరు నన్ను చందానగర్ ఇంట్లో వదిలేసి చూడ్డానికి వెళ్లే ఆ చుక్కను నాకూ చూపించమని.

చీకటి పడుతుండగా మీ టెలిస్కోపు మోసుకుని ఖాజాగూడ గుట్ట ఎక్కాం. అందులోంచి చూస్తే మసకమసకగా ఒక నారింజ రంగు చుక్క కనిపించింది.

"ఇంతేనా?" అన్నాను.

"గింతే వదినా. మన సూర్యుని కన్న చిన్నది, వేడి గూడ తక్కువ. గందుకే గా రంగు. అన్నకు అదంటే పానం."

నాకు ఒళ్లు మండింది. నేను కొత్త చీర కట్టుకున్నా తలెత్తి చూడని మనిషి, దీన్ని గంటలకొద్దీ చూశారా!

అంతలో మాదాపూర్ వైపు కొత్త కంప్యూటర్ భవనంలో దీపాలు వెలిగి, ఆకాశం అంచు తెల్లబడింది.

"గిట్లాంటి బిల్డింగులు ఇంకిన్ని లేస్తే, ఇగ ఇది కనవడది," అన్నారాయన దిగులుగా.

పీడా విరగడవుతుందని సంతోషించబోయాను. సంతోషం రాలేదు. మళ్లీ వంగి కన్ను ఆనించాను.

"జర నన్ను గూడ చూడనియ్యుండ్రి వదినా," అన్నారు కాసేపటికి.

నేను పక్కకు తప్పుకోలేదండీ.